గోడకు పూసిన ఉప్పు నుంచి యూరియా బస్తా దాకా

మూలకాల కథలు – 7: నత్రజని

మా పెదనాన్నగారి పశువులపాక మట్టిగోడకు నేల నుంచి మూరెడు ఎత్తు వరకూ తెల్లటి నూగు పూసేది. ఎండలు ముదిరేకొద్దీ అది గోటితో గీరితే రాలేంత దట్టంగా పేరుకునేది. దూడలు మెడ చాచి ఆ గోడను నాకబోతే మా పెద్దమ్మ అదిలించేది. చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంటే ముందు ఉప్పగా, ఆ వెంటనే చల్లగా తగిలేది. నిప్పుల మీద చల్లితే చిటపటమని నిప్పు ఒక్కసారిగా ఎర్రబడేది. పెట్లుప్పు అనేవారు ఊళ్ళో. దీపావళికి చిచ్చుబుడ్లు కూరేవాళ్ళు గంధకం, జిల్లేడు బొగ్గు, బీడు రజనుతో పాటు కొట్లో అడిగి కొనుక్కునే సూరేకారం ఇదే. పశువుల మూత్రంలో, పేడలో ఉన్నది మట్టిలోని సూక్ష్మజీవుల చేతిలో పడి, మారి, నీటితో పాటు గోడలోకి పాకి, నీరు ఆరిపోగా మిగిలిన ఉప్పు.

ఈ గోడ నూగు కోసం రాజులు ప్రజల ఇళ్ళు తవ్వించారు, దేశాలు సముద్రతీరాలు పోగొట్టుకున్నాయి. ఆ నూగులోని అసలు సరుకు నత్రజని. కిందటి భాగంలో ప్రాణవాయువు గురించి చెప్పుకున్నాం. గాలిలో అది ఐదో వంతే. మిగిలిన దానిలో దాదాపు అంతా, అంటే గాలి మొత్తంలో నూటికి 78 పాళ్ళు, నత్రజనే. లెక్క కట్టి చూస్తే ఒక ఎకరం పొలం మీద ఆకాశం అంచు దాకా నిలిచిన గాలిలో సుమారు 30 వేల టన్నుల నత్రజని ఉంటుంది. ఆ ఎకరం వరికి రైతు వేసే యూరియా రెండు మూడు బస్తాలు. 45 కిలోల బస్తాలో నూటికి 46 పాళ్ళ చొప్పున నత్రజని 20 కిలోలకు కాస్త పైన. నెత్తిన 30 వేల టన్నులు పెట్టుకుని 20 కిలోల కోసం సొసైటీ ముందు చెప్పులు వరసలో పెట్టి నిలబడాల్సి రావడానికి కారణం ఒక్కటే: ఈ వాయువుకు ఒళ్ళు వంగదు.

దాన్ని మొదట విడదీసి చూసినవాడు డేనియల్ రూథర్‌ఫర్డ్. 1772లో ఎడిన్‌బరోలో వైద్యపట్టా కోసం వ్యాసం రాస్తున్న 22 ఏళ్ళ కుర్రాడు. మూసిన గాలిలో ఎలుకను ఉంచాడు. అది చచ్చాక అదే గాలిలో కొవ్వొత్తి వెలిగించాడు, అది కొండెక్కాక భాస్వరం మండించాడు. తర్వాత ఆ గాలిని క్షారం కలిపిన నీటిలోంచి పంపి బొగ్గుపులుసు వాయువును కూడా తీసేశాడు. ఇంకా చాలా గాలి మిగిలింది. అందులో ఎలుక బతకలేదు, దీపం నిలవలేదు. అది చెడిపోయిన గాలి అనుకున్నాడు. స్వీడన్‌లో షీలే, ఇంగ్లండ్‌లో ప్రీస్ట్‌లీ, కావెండిష్ కూడా ఆ రోజుల్లోనే ఇదే దారిలో ఉన్నారు. రూథర్‌ఫర్డ్ తర్వాత రసాయనం వదిలేసి అదే ఊళ్ళో వృక్షశాస్త్రం ఆచార్యుడయ్యాడు. తాను పనికిరానిదని పక్కన పెట్టిన ఆ గాలి సరుకు లేనిదే మొక్కకు ఆకు పచ్చబడదని ఆయనకు తెలిసే అవకాశం లేదు.

పారిస్‌లో లవాజియే దీనికి పెట్టిన పేరు అజోట్. ప్రాణం లేనిది అని దాని అర్థం. ఫ్రెంచివారూ రష్యన్లూ ఇప్పటికీ అదే పేరుతో పిలుస్తారు. జర్మన్ల పేరుకు ఊపిరాడనివ్వనిది అని అర్థం. 1790లో షాప్టాల్ అనే మరో ఫ్రెంచి రసాయనవేత్త అజోట్ అనే పేరు మార్చి, పెట్లుప్పును పుట్టించేది అనే అర్థంలో నైట్రోజన్ అన్నాడు. మన నత్రజని కూడా ఆ బాటలో ఏర్పడిందే. పెదనాన్నగారి గోడ మీది ఉప్పు పేరులోనే ఉందన్నమాట. తమాషా ఏమిటంటే, ఈ వాయువుకు ప్రాణంలేనిదని పేరు పెట్టిన లవాజియే 1775 నుంచి ఫ్రాన్స్ ప్రభుత్వ తుపాకిమందు శాఖ నడిపినవాడు. పెట్లుప్పు దిగుబడి పెంచడం ఆయన ఉద్యోగం.

ఇక దాని గుణం. నత్రజని అణువులో రెండు పరమాణువులు ఒకదాన్నొకటి మూడు బంధాలతో పట్టుకుని ఉంటాయి. అంత గట్టి పట్టు ఉన్న వాయువులు అరుదు. అందుకే అది మండదు, మండనివ్వదు, తుప్పు పట్టించదు. రంగు, రుచి, వాసన ఏమీ లేవు. ఈ బద్ధకమే దాని మొదటి ఉపయోగం. చిప్స్ పొట్లం బూరెలా ఉబ్బి ఉండేది దీనితోనే. లోపల ప్రాణవాయువు ఉంటే నూనె కనరుతుంది. నత్రజని ఏమీ చేయదు, చేయకపోవడమే దాని పని. విమానాల టైర్లలో నింపేదీ ఇదే. అక్కడ అర్థముంది: నేల తాకినప్పటి వేడికి టైరులో మంట పుట్టకూడదు, లోపలి తేమ ఆకాశంలో గడ్డకట్టకూడదు. పెట్రోలు బంకులో స్కూటరు టైరుకు డబ్బులిచ్చి నైట్రోజన్ కొట్టించుకునే వారికి మాత్రం నాదొక మాట: పక్కనే ఉచితంగా కొట్టే మామూలు గాలిలోనూ నాలుగింట మూడు పాళ్ళకు మించి ఉన్నది అదే.

బద్ధకస్తుడు కదా అని అశ్రద్ధ చేయకూడదు. మూసిన గదిలో నత్రజని లీకయితే మనిషికి ఊపిరాడట్లేదనే తెలియదు. మనకు ఉక్కిరిబిక్కిరి అనిపించేది లోపల బొగ్గుపులుసు వాయువు పేరుకున్నప్పుడు. నత్రజని పీలుస్తుంటే అది మామూలుగానే బయటికి పోతుంటుంది. నాలుగైదు శ్వాసల్లో స్పృహ తప్పుతుంది.

దీన్ని చల్లబరచి ద్రవంగా మార్చగలిగింది 1883లో, పోలండ్‌లోని క్రాకోవ్‌లో, ఇద్దరు ఆచార్యులు. మైనస్ 196 డిగ్రీల దగ్గర మరిగే ఆ ద్రవాన్ని మన పల్లెల్లో చూడనివారు తక్కువ, పేరు తెలియకపోవచ్చు. గేదె ఎదకొచ్చిందని కబురు పెడితే కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర బండి మీద పొట్ట లావు, మెడ సన్నం ఉన్న అల్యూమినియం డబ్బా కట్టుకుని వస్తాడు. మూత తీయగానే తెల్లటి పొగ అంచు మీదుగా కిందికి జారుతుంది. పొడవాటి చిమటాతో లోపలి నుంచి అగ్గిపుల్లంత సన్నటి గొట్టం తీసి, విదిలించి, గోరువెచ్చటి నీళ్ళలో అర నిమిషం ఉంచుతాడు. ఎక్కడో, ఎప్పుడో మేలుజాతి దున్న నుంచి తీసిన వీర్యం అది. పొగ అనుకునేది నత్రజని కాదు, ఆ చలికి గడ్డకట్టిన గాలిలోని తేమ. చుట్టూ చేరిన పిల్లలు చేయి పెట్టబోతే ఆయన కసురుతాడు. వేళ్ళకు నిప్పు తగిలినట్టే బొబ్బలెక్కుతాయి.

ఇదంతా బద్ధకాన్ని బద్ధకంగానే ఉంచి వాడుకోవడం. చరిత్ర నడిచింది రెండో దారిలో, ఆ బద్ధకాన్ని వదిలించే ప్రయత్నంలో.

మన ఒంట్లో నూటికి మూడు పాళ్ళ బరువు నత్రజనిది. కండ, నెత్తురు, వెంట్రుక అన్నిటిలో ఉంటుంది. ముక్కుతో పీల్చినదంతా అలాగే వెనక్కి పోతుంది, ఒక్క రేణువు ఒంటికి పట్టదు. మనకు తిండిలోంచి రావాలి, తిండికి నేలలోంచి రావాలి, నేలకు ఎవరో గాలిలోంచి తెంపి ఇవ్వాలి. ఆ పని మెరుపు కొంచెం చేస్తుంది. ఎక్కువ చేసేది కొన్ని సూక్ష్మజీవులు. జనుము, జీలుగ, పిల్లిపెసర మొక్కను వేళ్ళతో సహా పెరికి చూడండి. ఆవగింజంత బుడిపెలు, చిదిమితే లోపల ఎర్రటి నీరు. ఫ్యాక్టరీ అదే. జర్మనీలో హెల్‌రీగల్, విల్‌ఫార్ట్ ఆ సంగతి రుజువు చేసింది 1880ల్లో. మన రైతులు రుజువు కోసం ఆగలేదు. వరికి ముందు జనుము చల్లి కలియదున్నారు, వరి తర్వాత మాగాణిలో మినుము, పెసర చల్లారు. పాత ఊరి దిబ్బలు తవ్వి పాటిమన్ను బండ్ల కొద్దీ తోలుకున్నారు. తరతరాల మనుషులూ పశువులూ మసలిన మట్టి అది, అందులో ఉన్నదీ గోడ నూగులాంటిదే.

పైరుకు వేసే ఆ ఉప్పే తుపాకిమందులో నాలుగింట మూడు పాళ్ళు. అక్కడ మొదలైంది తంటా. 17వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో పెట్లుప్పు తవ్వేవాళ్ళకు రాజు ఇచ్చిన పత్రం ఉండేది. అది చూపించి ఎవరి గుర్రపుశాలలోకైనా, పావురాల గూట్లోకైనా చొరబడి నేల తవ్వుకుపోవచ్చు. చర్చి నేలలు కూడా వదల్లేదని ఫిర్యాదులున్నాయి. ప్రజలంతా తమ మూత్రాన్ని, పశువుల మూత్రాన్ని దాచి ఇవ్వాలని మొదటి చార్లెస్ రాజు 1626లో ఆజ్ఞ జారీ చేశాడు. ఆ ఇంగ్లండ్‌కు ఊపిరి పోసింది బీహారు. అక్కడ నోనియా కులస్థులు ఊరి చుట్టూ మట్టి గీరి, కుండల్లో నీళ్ళు పోసి వడగట్టి, మరగబెట్టి పెట్లుప్పు పలుకులు తీసేవారు. కూలి గిట్టని కష్టం. ప్లాసీ యుద్ధం అయిన మరుసటి ఏడు, 1758లో, ఈస్టిండియా కంపెనీ మీర్ జాఫర్ దగ్గర ఆ సరుకు మీద గుత్తహక్కు రాయించుకుంది. సుగంధద్రవ్యాలు, నూలుబట్టల కథ అందరూ చెబుతారు. ఓడల అడుగున బరువు కోసం వేసుకుపోయిన ఈ ఉప్పు బస్తాలు యూరప్ యుద్ధాలను నడిపిన సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యంతో సరిపెడతారు.

19వ శతాబ్దంలో చూపు పక్షుల మీదికి మళ్ళింది. పెరూ తీరంలో చించా దీవులు. చేపలు తినే పక్షులు వేల ఏళ్ళుగా వేసిన రెట్ట అక్కడ తాటిచెట్టు ఎత్తును మించి గుట్టలుగా పేరుకుంది. వాన పడని చోటు కనుక సారం కరిగిపోలేదు. గువానో అంటారు. యాత్రికుడు, శాస్త్రవేత్త హంబోల్ట్ 1804లో దాని నమూనా యూరప్‌కు తీసుకెళ్ళాడు. 1840ల నుంచి ఓడలు వరస కట్టాయి. ఆ ఘాటు దుమ్ములో తవ్వింది ఒప్పందాల మీద తెచ్చిన చైనా కూలీలు. పక్షిరెట్ట ఉన్న దీవి ఎక్కడ, ఎవరిదీ కాకుండా కనిపించినా తమ పౌరులు స్వాధీనం చేసుకోవచ్చని అమెరికా 1856లో ఏకంగా చట్టం చేసింది. 1864లో స్పెయిన్ ఆ చించా దీవులనే పట్టుకుంది. ఇంకో పదేళ్ళకు గుట్టలన్నీ చదునైపోయాయి.

తర్వాతిది అటకామా ఎడారి. నేల మీద పెంకులా సోడియం నైట్రేటు. అప్పట్లో ఆ ఎడారి కొంత బొలీవియాది, కొంత పెరూది. తవ్వేది ఎక్కువగా చిలీ, బ్రిటన్ పెట్టుబడి. 1878లో బొలీవియా క్వింటాలుకు పది సెంటావోలు పన్ను వేసింది. తవ్వే కంపెనీ కట్టనంది. 1879లో మొదలైన యుద్ధం ముగిసేసరికి ఎడారి చిలీ చేతికొచ్చింది, బొలీవియాకు సముద్రమే లేకుండా పోయింది. బొలీవియాకు ఇప్పటికీ నౌకాదళం ఉంది. టిటికాకా సరస్సులో తిరుగుతుంటుంది. ఏటా మార్చి 23న సముద్ర దినం జరుపుకుంటారు.

ఎడారి కూడా ఏదో ఒకనాటికి అయిపోతుంది కదా? ఆ మాట 1898లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో శాస్త్రవేత్తల సభలో పైకి అన్నవాడు రసాయనవేత్త విలియం క్రూక్స్. జనం పెరుగుతున్నారు, గోధుమ చాలదు, గాలిలోంచి నత్రజని తీయడం ఒక్కటే దారి, అది రసాయనవేత్తల బాధ్యత అని హెచ్చరించాడు. నార్వేలో జలపాతాల కరెంటుతో కృత్రిమ మెరుపులు పుట్టించి నత్రజనిని మండించే ఫ్యాక్టరీ పెట్టారు. పని చేసింది కానీ కరెంటు తినేసింది.

ఫ్రిట్జ్ హేబర్ దారి వేరు. జర్మనీలోని కార్ల్స్‌రూహ్‌లో ఆచార్యుడు. నత్రజని, ఉదజని కలిపితే అమ్మోనియా రావాలి. చల్లగా ఉంటే నత్రజని కదలదు. వేడి చేస్తే కదులుతుంది కానీ పుట్టిన అమ్మోనియా మళ్ళీ విరిగిపోతుంది. హేబర్ పట్టిన కిటుకు ఒత్తిడి. గాలి ఒత్తిడికి దాదాపు రెండువందల రెట్లు బిగించి, ఉత్ప్రేరకంగా ఆస్మియం అనే అరుదైన లోహం పెట్టి, కొద్దికొద్దిగా పుట్టిన అమ్మోనియాను ఎప్పటికప్పుడు చల్లార్చి తీసేసి, మిగిలిన వాయువును మళ్ళీ తిప్పాడు. పరికరం కట్టింది రాబర్ట్ లె రోసిన్యోల్ అనే ఇంగ్లీషు సహాయకుడు. అతని పేరు ఎవరికీ గుర్తులేదు. 1909 జులై మొదట్లో బీఏఎస్ఎఫ్ కంపెనీ నుంచి కార్ల్ బోష్, ఆల్విన్ మిట్టాష్ చూడటానికి వచ్చారు. సరిగ్గా అప్పుడే ఒక బోల్టు ఊడింది. గంటలు గడిచాయి, బోష్‌కు వేరే పని ఉండి వెళ్ళిపోయాడు. మిట్టాష్ మిగిలాడు. గొట్టంలో అమ్మోనియా చుక్కచుక్కగా పడటం చూసినవాడు అతనే.

చుక్కలను టన్నులు చేయడం బోష్ వంతు. నాకైతే ఈ కథలో అసలు నాయకుడు ఆయనే. ఆస్మియం అప్పట్లో ప్రపంచమంతా వెదికినా ఓ వంద కిలోలకు మించి దొరకదు. మిట్టాష్ బృందం వేల పరీక్షలు చేసి, చివరికి స్వీడన్ నుంచి వచ్చిన ఒక రకం ఇనుపరాయి ఆ పని చేస్తుందని కనిపెట్టింది. అంతకంటే పెద్ద చిక్కు గొట్టాలది. మందపాటి ఉక్కు గొట్టాలు 80 గంటలు పని చేసి పేలిపోయాయి. బోష్ ఆ ముక్కలను కోయించి, నునుపు చేయించి, సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. ఆ వేడికి, ఒత్తిడికి ఉదజని ఉక్కులోకి చొరబడి అందులోని కార్బన్‌ను తినేస్తోంది. అలా దెబ్బతిన్న ఉక్కు పెళుసు. ఎంత మందం వేసినా పేలేది పేలుతుంది. బోష్ చొరబాటును ఆపాలని చూడలేదు. లోపల మెత్తటి ఇనుప తొడుగు వేశాడు. అందులో కార్బన్ లేదు, తినడానికేమీ లేదు. బయట ఉక్కు గొట్టం బరువు మోస్తుంది. ఆ ఉక్కుకు వరసగా సన్నటి రంధ్రాలు పెట్టించాడు. తొడుగు దాటి వచ్చిన కాస్త ఉదజని రంధ్రాల్లోంచి బయటికి పోతుంది. ఉక్కు జోలికి వెళ్ళే ఒత్తిడి దానికుండదు. 1913 సెప్టెంబరులో ఓపావ్ అనే ఊళ్ళో ఫ్యాక్టరీ కూత వేసింది.

ఏడాది తిరక్కుండా మొదటి ప్రపంచయుద్ధం. చిలీ ఓడలు జర్మనీకి చేరకుండా బ్రిటన్ సముద్రాన్ని కట్టేసింది. పెట్లుప్పు లేకపోతే తూటా లేదు. బోష్ తన అమ్మోనియా నుంచి నత్రికామ్లం తీసి ఇస్తానని సైన్యానికి మాటిచ్చాడు, 1915లో ఇచ్చాడు. పొలాల కోసం కట్టినది ఫిరంగులకు మేతయింది. అదే ఏడు ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ రణరంగంలో క్లోరిన్ వాయువు వదలడం దగ్గరుండి చూసుకున్నవాడు హేబర్. పది రోజులకు ఆయన భార్య క్లారా ఆయన పిస్తోలుతోనే కాల్చుకుని చనిపోయింది. ఆమె కూడా రసాయనశాస్త్రంలో డాక్టరేటు పొందిన మనిషి. యుద్ధం అయ్యాక హేబర్‌కు 1918 నోబెల్ ఇచ్చారు. 1933లో నాజీలు రాగానే యూదుడైన హేబర్ దేశం విడిచిపోవాల్సి వచ్చింది. మరుసటి జనవరిలో స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో, దారిలో, పోయాడు.

ఓపావ్ కూడా తన వంతు చెల్లించింది. గోదాములో ఎరువు గడ్డకట్టి రాయయ్యేది. దాన్ని విడగొట్టడానికి చిన్నచిన్న డైనమైట్ పేల్చేవారు. వేలసార్లు చేశారు, ఏమీ కాలేదు. 1921 సెప్టెంబరు 21 ఉదయం అయింది. 500 మందికి పైగా చనిపోయారు, గోదాము ఉన్న చోట చెరువంత గొయ్యి మిగిలింది. 2020లో బీరూట్ రేవులో పేలినదీ ఈ కుటుంబపు సరుకే.

అయినా దాన్ని వదులుకునే స్థితిలో లోకం లేదు. ఈ రోజు భూమి మీది మనుషుల ఒంట్లో ఉన్న నత్రజనిలో దాదాపు సగం ఏదో ఒక అమ్మోనియా ఫ్యాక్టరీలోంచి వచ్చిందని అంచనా. చల్లిన దానిలో పైరుకు అందేది సగమైనా ఉండదనేది దీని రెండో ముఖం. మిగతాది నీళ్ళలోకి, గాలిలోకి పోతుంది. ఎక్కువైతే ఏమవుతుందో వరి రైతుకు వేరే చెప్పక్కర్లేదు: చేను నల్లగా నిగనిగలాడుతుంది, పక్కవాడు చూసి ఈర్ష్య పడతాడు, పదిహేను రోజులకు సుడిదోమ దిగుతుంది, లేదంటే అగ్గితెగులు. అందుకే పిలకల దశలో ఒకసారి, చిరుపొట్ట దశలో ఒకసారి పైపాటుగా పంచి వేయమని చెప్పేది.

మన దేశంలో ప్రభుత్వం పెట్టిన మొదటి పెద్ద ఎరువుల ఫ్యాక్టరీ సింద్రీ, 1951లో ఉత్పత్తి మొదలుపెట్టింది. తెలుగునేల మీద రామగుండంలో బొగ్గు నుంచి యూరియా తీసే ఫ్యాక్టరీ 1980లో మొదలై, తడబడుతూ నడిచి, 1999లో మూతపడింది. 2021లో సహజవాయువుతో మళ్ళీ తెరుచుకుంది. రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా, దానితో 3,850 టన్నుల యూరియా దాని సామర్థ్యం. లోపల జరిగేది బోష్ ఓపావ్‌లో చేసిన పనే. గొట్టంలో వచ్చే సహజవాయువుకు డబ్బు కట్టాలి. ఆవరణలో ఉన్న గాలికి మాత్రం ఇప్పటికీ బిల్లు రాదు.

(వచ్చే భాగం: భాస్వరం. మూత్రం మరగబెట్టి బంగారం వెదికిన హాంబర్గ్ మనిషి కథ.)